పెరటి మందు మొక్కలు, ఇరుగుపొరుగు రాకపోకలు

సభకు నమస్కారం.

ఇంటి పెరట్లో ఎన్ని రకాల మందు మొక్కలు ఉంటాయన్నది స్థలం ఎంత ఉందన్నదాని కన్నా, ఆ ఇంటికి ఎంతమంది వచ్చిపోతుంటారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా నమ్మకం. మన విజయవాడ సత్యనారాయణపురంలో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ పాత ఇళ్ళు ఎరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

కారణం కొంత మొక్కల్లోనే ఉంది. వాము ఆకు కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే చాలు, కొద్ది రోజుల్లో నిలదొక్కుకుంటుంది. రణపాల ఆకును తడిమట్టి మీద పడేస్తే, అంచున ఉన్న నొక్కుల్లోంచి చిన్నచిన్న పిల్ల మొక్కలు వరసగా తలెత్తుతాయి. నల్లేరు రెండు కణుపుల ముక్క ఉంటే పాకిపోతుంది. వీటిని డబ్బు పెట్టి కొనేవాళ్ళు తక్కువ. "వదినా, ఒక కొమ్మ ఇవ్వవా" అని అడిగే చనువు ఉంటే చాలు. పుట్టింటి నుంచి వచ్చిన కోడలు తెచ్చిన తీగ, అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారుతూ వదిలేసి వెళ్ళిన కుండీ, ఇలా వచ్చినవే చాలా పెరళ్ళలో ఉంటాయి.

మొక్కతో పాటు మాట కూడా రావాలి. వావిలాకు మరిగించిన నీళ్ళతో బాలింతకు స్నానం చేయించడం పెద్దావిడ పక్కన ఉండి చూపిస్తేనే వచ్చింది. ఆ మాట రాకపోతే ప్రమాదం కూడా. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు గదా. 2021లో ముంబై వైద్యులు, అలా తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. తిప్పతీగను పోలిన వేరే తీగ వాడి ఉండొచ్చని ఆయుష్ శాఖ అంది. ఆ రెండో తీగ కాడ నిండా బుడిపెలుంటాయి, కోస్తే పాలలాంటి స్రావం వస్తుంది. అసలు తిప్పతీగకు ఆ రెండూ ఉండవని ఆ శాఖే గుర్తులు చెప్పింది. తీగ సరైనదే అయినా, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు.

స్పెయిన్‌లో వాల్ ఫోస్కా అనే కొండలోయలో పెరటి తోటల మీద ఒక అధ్యయనం జరిగింది, 2012లో అచ్చయింది. అక్కడ చూసింది మందు మొక్కలను కాదు, స్థానిక కూరగాయల రకాలను. విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడంలో ముందున్నవాళ్ళ తోటల్లోనే ఆ రకాలు ఎక్కువగా నిలిచాయని తేలింది. మన దగ్గర అలాంటి లెక్క కాలనీ వారీగా తీయాలని నాకు ఎంతో ఆశ. నోరి రామశాస్త్రి ఆయుర్వేద కళాశాల మన ఊళ్ళోనే ఉంది, ఆ పిల్లలు పూనుకుంటే ఎంత బాగుంటుంది!

ఒక బాధ కూడా చెప్పాలి. రాకపోకలు లేని చోటికి మొక్కా పోదు. చెట్టూచేమా గురించి యానాది గిరిజనులకు తెలిసినంత మనలో ఎంతమందికి తెలుసు? వాళ్ళను మన ఇళ్ళలో పనికి పిలిచాం గానీ, కూర్చోబెట్టి అడిగింది ఎప్పుడు? ఆ తెలివి మన పెరళ్ళలోకి రాకపోవడానికి కారణం మనమే.

అపార్ట్‌మెంట్లలో స్థలం లేదంటారు. వాము ఆకుకు, సరస్వతి ఆకుకు బాల్కనీలో ఒక కుండీ చాలు. పై అంతస్తులో ఎవరున్నారో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. ఇప్పుడు వినాయకచవితికి పత్రి కట్ట బజారులో కొంటున్నాం. ఆ ఇరవై ఒక్క పత్రుల్లో ఉత్తరేణి ఏదో, వావిలి ఏదో విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఒకప్పుడు పిల్లలు పత్రి కోసం ఇంటింటికీ తిరిగేవాళ్ళు, ఏ ఇంట్లో ఏ చెట్టుందో వీధంతా తెలిసేది.

వచ్చే చవితికి ఈ కాలనీలో పత్రి కొనకుండా, మన ఇళ్ళ నుంచే ఎన్ని రకాలు పోగవుతాయో చూద్దాం. మీ ఇంట్లో ఏముందో వెళ్ళేముందు ఈ పుస్తకంలో రాయండి. మొక్క పేరు పక్కన, అది మీకు ఎవరిచ్చారో కూడా రాయండి.