క్లస్టర్ తలనొప్పికి సైలోసైబిన్: చట్టంలో దారి ఉంది, నడిచేటోళ్లు ఏరి?

నమస్తే అప్పా అందరికీ, కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ వింటే సగం మంది కట్ చేసి పోతారని తెలుసు, అయినా చెప్తా. మ్యాజిక్ మష్రూమ్స్ అంటారే, వాటిలో ఉండే మందు పేరు సైలోసైబిన్. దాన్ని ఒక రకం తలనొప్పి ఉన్నోళ్లకి డాక్టర్ చేతుల మీదుగా, చట్టప్రకారం ఇచ్చే ఏర్పాటు మన దేశంలో రావాల, ఇదీ నేను చెప్పేది. కొడైకెనాల్ పోయి పుట్టగొడుగులు తిని రీల్స్ పెట్టే బ్యాచ్ గురించి కాదు, వాళ్ల గోల వాళ్లది.

తలనొప్పికి ఇంత సీనా అంటారు. దీని పేరు క్లస్టర్ తలనొప్పి, వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఉంటాది. ఒక పక్క కన్ను చుట్టూ, కణత దగ్గర పట్టుకుంటాది, ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, ఆ పక్క ముక్కు కారతాది, రెప్ప వాలిపోతాది, పావుగంట నుంచి 3 గంటల దాకా, ముదిరితే రోజుకి 8 సార్లు కూడా వస్తాది. మైగ్రేన్ ఉన్నోళ్లు లైట్ ఆపేసి పండుకుంటారు గదా, వీళ్లు పండుకోలేరు, ఇంట్లో అటూ ఇటూ తిరగతా తలని గోడకేసి కొట్టుకుంటారు. ఇంగ్లీషోళ్లు దీన్ని సూసైడ్ తలనొప్పి అంటారంటే ఊరికే కాదు.

మా మామ ఒకాయన లారీ తోలేటోడు, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఇల్లు. ఈ నొప్పులొచ్చే సీజన్ వచ్చిందంటే రోజూ నడిరాత్రి అలారం పెట్టినట్టు అదే టైముకి లేస్తాడు. ముందు పంటి నొప్పి అన్నారు, రెండు దవడపళ్లు పీకించుకున్నాడు. తర్వాత సైనస్ అన్నారు. మా అవ్వేమో గాలి సోకిందని తాయెత్తు కట్టించింది, అమృతాంజనం డబ్బాలైతే లెక్కే లేదు. ఏళ్లు గడిచినాక ఒక న్యూరాలజిస్ట్ కన్ను చూసి జబ్బు పేరు చెప్పినాడు. పళ్లు పోయినాయి, నొప్పి అట్లనే ఉండాది.

మందులు లేవా అంటే ఉన్నాయి. నొప్పి మొదలవగానే మాస్కుతో నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల ప్యూర్ ఆక్సిజన్ పీలిస్తే చాలామందికి తగ్గుతాది, సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ ఉంది, రాకుండా ఉండటానికి వెరపమిల్ ఉంది. అయితే ఇవన్నీ వాడినా లొంగని మొండి కేసులు కొన్ని మిగుల్తాయి, నా వీడియో వాళ్ల కోసం.

సైలోసైబిన్ సంగతి ముందు పట్టుకున్నది డాక్టర్లు కాదు, పేషెంట్లే. అమెరికాలో బాబ్ వోల్డ్ అనే ఆయన, ఆయనకీ ఇదే జబ్బు, 2002లో క్లస్టర్‌బస్టర్స్ అని సంస్థ పెట్టి ఇట్లాంటోళ్లని కూడగట్టినాడు. 2006లో న్యూరాలజీ అనే జర్నల్‌లో 53 మంది పేషెంట్లని అడిగి రాసిన పేపర్ వచ్చింది, నొప్పి మీద సైలోసైబిన్ వాడిన 26 మందిలో 22 మంది నొప్పి ఆగిందన్నారు. జనం గుర్తు చేసుకొని చెప్పిన మాటలు అవి, పరీక్ష కాదు, అది ఒప్పుకోవాల. తర్వాత యేల్ యూనివర్సిటీలో ఎమాన్యుయెల్ షిండ్లర్ టీమ్ ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి గోళీ, దాంతో పోల్చి చిన్న ట్రయల్ చేసింది, 2022లో వచ్చిన రిజల్ట్‌లో తగ్గినట్టు కనపడినా లెక్కల ప్రకారం గట్టిగా నిలబడలా, మళ్లీ వాళ్లలోనే కొందరికి రెండో రౌండ్ ఇస్తే నొప్పులు దాదాపు సగానికి తగ్గినాయి. అందరూ కలిపి ఒక ఆటోలో పట్టేంత మంది, మన ఊరి ఆటో లెండి. రుజువైపోయిందని నేను చెప్పను. పెద్ద ట్రయల్ చేయాల్సినంత విషయం మాత్రం ఉంది.

ఇప్పుడు చట్టం. 1985 ఎన్‌డీపీఎస్ యాక్ట్, అంటే మన మత్తుమందుల చట్టం, దాని కింద సైలోసైబిన్ నిషేధమే, పట్టుబడితే జైలు. అయితే అదే చట్టం సెక్షన్ 8లో వైద్య, శాస్త్రీయ అవసరాలకి తప్ప అని మినహాయింపు రాసిపెట్టినారు. తలుపు ఉంది, కానీ రూల్స్ ఆ తలుపుకి తాళం వేసినాయి.

ఇది మనకి కొత్త కాదప్పా, నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్‌తో ఇదే జరిగింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లో లైసెన్స్ ఇచ్చి నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశం మనది, అట్లాంటి దేశంలో ఈ చట్టం వచ్చినాక కేసులకి భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోడమే మానేసినాయి, 1985లో 573 కిలోలున్న వాడకం 1997కి 18 కిలోలకి పడిపోయింది. ఆ మధ్య క్యాన్సర్‌తో అరిచి అరిచి పోయినోళ్ల లెక్క ఎవరు రాసినారు? కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సంస్థ పాలియం ఇండియా వాళ్లు ఏళ్ల తరబడి తిరిగితే 2014లో చట్టం మార్చినారు, గుర్తింపు ఉన్న ఆస్పత్రి ఒక్క పర్మిషన్‌తో మార్ఫిన్ పెట్టుకోవచ్చు ఇప్పుడు. దేశమేం మత్తులో మునగలా.

బయట చూస్తే 2022 నుంచి కెనడాలో డాక్టర్ ఒక్కో పేషెంట్ పేరు మీద సైలోసైబిన్ కోసం సర్కారుని అడగొచ్చు. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి పర్మిషన్ ఉన్న సైకియాట్రిస్టులు మొండి డిప్రెషన్‌కి రాయొచ్చు, తలనొప్పికి కాదు, అయినా దారి పడింది.

పిల్లలు చెడిపోతారు అంటారు, ఆ భయం నాకూ ఉంది, నాకూ కొడుకున్నాడు. అయితే సర్జరీకి వాడే ఫెంటానిల్ ఎంత డేంజరో తెలిసే ఆస్పత్రిలో పెట్టుకుంటున్నాం గదా, రిజిస్టర్‌లో రాసి, బీరువాకి తాళమేసి. ఇదీ అట్లనే. మొదట కర్నూలు పెద్దాస్పత్రి అననులే, బెంగళూరు నిమ్హాన్స్, ఎయిమ్స్ లాంటి పెద్ద సర్కారు ఆస్పత్రుల్లో ట్రయల్‌కి పర్మిషన్ ఇయ్యండి, మందులన్నీ అయిపోయిన పేషెంట్‌కి పేరు పేరునా ఇచ్చే పద్ధతి పెట్టండి, అంతే.

ఇంకోటి, ఈ వీడియో చూసి ఎవరూ అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవద్దు. విషప్పుట్టగొడుగు తింటే లివర్ పోతాది. ఇంట్లో ఎవరికన్నా స్కిజోఫ్రేనియా, బైపోలార్ ఉంటే సైలోసైబిన్ మీకు అసలు పనికిరాదు, లిథియం వాడేటోళ్లకి ఫిట్స్ రావొచ్చు. ఇట్లాంటివి అడిగి తెలుసుకోడానికే డాక్టర్ ఉండాల అంటున్నా.

ఒక పక్క కన్ను, నీళ్లు, రోజూ అదే టైము, మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్లుంటే పన్ను పీకించుకోక ముందే న్యూరాలజీ ఓపీకి పోండి, పోయి ఆక్సిజన్ గురించి మీరే నోరు తెరిచి అడగండి.