మై వార్, రెండో వైపు

పంక్ రాక్ సంగీతం అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది స్పీడే కదా. రెండు నిమిషాల్లో పాట అయిపోవాలి, వెంటనే ఇంకోటి మొదలవ్వాలి. నేనూ ఆ లెక్కతోనే బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ వాళ్ల 1981 నాటి ఆల్బమ్ 'డ్యామేజ్డ్' విన్నాను, తెగ నచ్చింది, ఆ ఊపులోనే 1984లో వచ్చిన 'మై వార్' పెట్టాను. ఎల్పీ రికార్డు కదా, మొదటి వైపు ఆరు పాటలు పర్లేదు. రెండో వైపుకొచ్చేసరికి ఉన్నవి మూడే పాటలు, ఒక్కోటీ ఆరు నిమిషాల పైనే, అదీ ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ... విసుగొచ్చి ఆపేశాను. తర్వాత కొన్నేళ్లు దాని జోలికే పోలేదు.

నా ఒక్కడి గోల కాదిది. అప్పట్లో అమెరికాలో హార్డ్‌కోర్, అంటే ఇంకా వేగంగా, మొరటుగా ఉండే పంక్, అభిమానులు చాలామందికి ఒళ్లు మండింది. పాపం, వాళ్లనీ అనడానికి లేదు. యూనికార్న్ అనే రికార్డు కంపెనీతో కోర్టు గొడవల వల్ల బ్యాండ్ పేరు మీద కొత్త రికార్డు వేసే వీల్లేక రెండేళ్లకు పైగా ఎదురుచూపులు, ఆ తర్వాత చేతికొచ్చింది ఇది! ఈలోపు మనుషులు కూడా మారిపోయారు. టైటిల్ పాట రాసిన చక్ డుకౌస్కీ బ్యాండ్‌లోనే లేడు. బేస్ వాయించేవాళ్లు లేక గిటారిస్టు గ్రెగ్ గిన్ తనే వాయించేసి, కవర్ మీద డేల్ నిక్సన్ అని ఓ దొంగ పేరు వేశాడు.

నన్ను మళ్లీ దీని దగ్గరికి తెచ్చింది మెల్విన్స్ అనే ఇంకో అమెరికన్ బ్యాండ్. వాళ్ల బరువైన, నత్తనడక పాటలు అలవాటయ్యాక, ఇదంతా ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ పోతే తేలింది ఈ రెండో వైపే. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ తనకు బాగా ఇష్టమైన యాభై ఆల్బమ్‌ల జాబితా డైరీలో రాసుకుంటే అందులోనూ ఇది ఉంది. సరే, ఇంతమంది అంటున్నారు కదా అని ఈసారి హెడ్‌ఫోన్స్‌లో, గిటార్ సంగతి వదిలేసి, బిల్ స్టీవెన్‌సన్ డ్రమ్స్ మీదే చెవి పెట్టాను.

అప్పుడు తెలిసింది ఏం జరుగుతోందో. విలంబ కాలంలో తాళం నిలబెట్టడం ఎంత కష్టమో కచేరీలు వినేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇక్కడా అదే. దెబ్బకీ దెబ్బకీ మధ్య అంత ఖాళీ ఉంటే తొందరపడి ముందుకు తోసేయాలనిపిస్తుంది, ఈయన తోయడు. వేగంగా ఉన్న పాటలో కోపం బయటికి పోతుంది, వినేవాడికీ తేలికవుతుంది. ఇక్కడ ఆ దారి మూసేశారు. గాయకుడు హెన్రీ రోలిన్స్ గొంతు పోవడానికి చోటు లేక అక్కడక్కడే తిరుగుతుంటుంది, చివరి పాట 'స్క్రీమ్'లో ఇక మాటలు కూడా వదిలేసి అరుపే మిగులుతుంది. ఆ టెన్షన్ కోసమే ఇంత నెమ్మది. మూడు పాటలూ వరసగా పెట్టింది కూడా, నా ఉద్దేశంలో, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వకూడదనే.

అలాగని ఆల్బమ్ మొత్తం వెనకేసుకురాను. 'ద స్వింగింగ్ మ్యాన్' నాకు ఇప్పటికీ ఎక్కదు, మొదటి వైపు కొన్నిచోట్ల గిన్ సోలోలు ఎటు పోతున్నాయో ఆయనకైనా తెలుసా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండో వైపు మొదటి పాట 'నథింగ్ లెఫ్ట్ ఇన్‌సైడ్' పూర్తిగా వేస్తున్నాను. సౌండ్ కాస్త ఎక్కువే ఉంటుంది, స్పీకర్ల పక్కన కూర్చున్నవాళ్లు కావాలంటే వెనక్కి జరగండి.