కెర్నల్ అప్‌డేట్ దిగింది, మరి నడుస్తున్నది ఏది? నాలుగు లినక్స్ డిస్ట్రోల సమీక్ష

నమస్కారం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి మాట్లాడుతున్నాను. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ అనే నాలుగు లినక్స్ డిస్ట్రోలను, అంటే లినక్స్ మీద తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌లను, ఈ వీడియోలో ఒకే ఒక్క విషయంలో సమీక్షిస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది వచ్చినప్పుడు అవి వాడేవారిని ఎలా చూసుకుంటున్నాయి అన్నదే ఆ విషయం. రూపురేఖల జోలికీ, వేగం జోలికీ ఈరోజు వెళ్ళను.

ఈ ప్రశ్న ద్వారకానగర్‌లో మా బావగారి ఆఫీసులో మొదలైంది. ఆయన పన్ను రిటర్నులు దాఖలు చేసే చిన్న కార్యాలయం నడుపుతారు. అక్కడి మూడు కంప్యూటర్లలోనూ ఉబుంటు 24.04 నేనే వేసి ఇచ్చాను. వేసవిలో ఒకనాడు వెళ్ళినప్పుడు టెర్మినల్ తెరిచి, నడుస్తున్న కెర్నల్ పేరు చెప్పే ‘యూనేమ్ మైనస్ ఆర్’ అనే ఆదేశం ఇచ్చాను. డిస్కులో కొత్త కెర్నల్ సిద్ధంగా ఉంది, యంత్రం మాత్రం రెండు నెలల కిందటి దానితోనే నడుస్తోంది. “అప్‌డేట్లు వాటంతటవే వస్తాయని నువ్వే చెప్పావు కదా” అన్నారు బావగారు. ఆయన అన్నది నిజమే, రావడం వచ్చాయి. సిబ్బంది రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేయకుండా సస్పెండ్ చేసి ఇంటికి వెళ్ళిపోతున్నారు, అంతే. ఆ సంగతి వాళ్ళకు చెప్పవలసిన బాధ్యత నాది.

ఇక్కడ కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా సమీక్ష అంతా సులువుగా అందుతుంది. బ్రౌజర్ అప్‌డేట్ అయితే దాన్ని మూసి తెరిస్తే సరిపోతుంది. కెర్నల్ అలా కాదు. యంత్రం ఆన్ అయినప్పుడు అది ఒకసారి మెమరీలోకి ఎక్కుతుంది, మళ్ళీ ఆఫ్ అయ్యేదాకా ప్రతి ప్రోగ్రామూ డిస్కునూ నెట్‌వర్క్‌నూ కీబోర్డునూ దాని ద్వారానే అడుగుతుంది. డిస్కులోకి కొత్త కెర్నల్ ఫైలు వచ్చినా, మెమరీలో ఉన్న పాతది దిగదు. సస్పెండ్ నుంచి లేచినప్పుడు కూడా అదే పాతది లేస్తుంది. రీస్టార్ట్ చేసేంతవరకు ఆ అప్‌డేట్ వచ్చినట్టే గాని, అమలైనట్టు కాదు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో 2022లో వెలుగు చూసిన ‘డర్టీ పైప్’ లోపం చూపించింది. కెర్నల్ 5.8 నుంచి ఉన్న ఆ లోపంతో, ఏ ప్రత్యేక అధికారమూ లేని ఒక సాధారణ యూజర్, తనకు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్ళలోని సమాచారాన్ని మార్చి, చివరకు యంత్రం మీద సర్వాధికారాన్ని, అంటే రూట్ అధికారాన్ని, సంపాదించగలిగేవాడు. దాన్ని సరిదిద్దిన 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లు ఫిబ్రవరి 23న విడుదలయ్యాయి. కనిపెట్టిన మాక్స్ కెల్లర్‌మన్ దాని వివరాలను లోకానికి ప్రకటించింది మార్చి 7న. అంటే లోపం గురించి అందరికీ తెలిసేనాటికే మందు బయటికి వచ్చి పన్నెండు రోజులైంది. ఆ కొత్త కెర్నళ్ళను దించుకుని రీస్టార్ట్ చేసినవారికి రక్షణ ఉంది, దించుకుని ఊరుకున్నవారికి లేదు.

దీన్ని విని, పాత కెర్నల్‌లో ఆ లోపమే లేదు కాబట్టి పాతదే మేలని కొందరు వాదిస్తారు. ఆ వాదనకు 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ సమాధానం. ఆ లోపం 2007 నాటి 2.6.22 నుంచి తొమ్మిదేళ్ళపాటు కెర్నల్‌లోనే ఉండిపోయింది. వయసును బట్టి కెర్నల్‌ను నమ్మలేం, దానికి మరమ్మతులు వస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

మరమ్మతులు ఎక్కడినుంచి వస్తాయో కూడా చెబుతాను. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సుమారు తొమ్మిది, పది వారాలకొకసారి ఒక కొత్త ప్రధాన వెర్షన్ విడుదల చేస్తారు. మొదటి రెండు వారాలు కొత్త మార్పులు తీసుకుంటారు, ఆ తర్వాత వారం వారం పరీక్షా వెర్షన్లు వస్తాయి. విడుదలైన వెర్షన్‌కు మరమ్మతులు చేర్చే స్థిర శాఖను గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, సాషా లెవిన్ చూసుకుంటారు. లైనస్ చూసే ప్రధాన శాఖలో చేరని మార్పును స్థిర శాఖలోకి తీసుకోరు, అది వారి నియమం. ఏడాదికొక వెర్షన్‌ను దీర్ఘకాల మద్దతుకు ఎంచుకుంటారు. 2022 డిసెంబరులో వచ్చిన 6.1, 2023 అక్టోబరులో వచ్చిన 6.6, 2024 నవంబరులో వచ్చిన 6.12 అటువంటివే. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే తన లోపాలకు సీవీఈ సంఖ్యలు, అంటే భద్రతా లోపాలను గుర్తించే సంఖ్యలు, కేటాయిస్తోంది. అప్పటినుంచి ఆ సంఖ్యలు కుప్పలుగా వస్తున్నాయి కాబట్టి, వాటిని లెక్కపెట్టి భయపడడం వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. మీ డిస్ట్రో పంపినదాన్ని వేసుకుని రీస్టార్ట్ చేయడం వల్ల ప్రయోజనం ఉంది.

ఇక డిస్ట్రోల దగ్గరికి వద్దాం. మొదట ఉబుంటు. 24.04 విడుదలైనప్పుడు దానిలో ఉన్నది 6.8 కెర్నల్. అసలు కెర్నల్ బృందం దాన్ని దీర్ఘకాల వెర్షన్‌గా ఎంచుకోలేదు, అందుచేత దాని మరమ్మతుల భారమంతా ఉబుంటు బృందమే మోస్తోంది. కొత్త వెర్షన్లలో వచ్చిన మరమ్మతులను వెనక్కి తెచ్చి ఈ 6.8కే అతుకుతారు. అందువల్ల ‘యూనేమ్’ ఎప్పుడు చూసినా 6.8.0 అనే చూపిస్తుంది, మారేది దాని పక్కన గీత తర్వాత ఉండే అంకె. ఆ అంకెను చూడకుండా “ఇంకా 6.8 లోనే ఉన్నాను, పాతబడిపోయాను” అని కంగారుపడేవారిని చాలామందిని చూశాను. డెస్క్‌టాప్‌లో అయితే కొత్త హార్డ్‌వేర్ కోసం కెర్నల్ మధ్యమధ్యలో మారుతుంది. 24.04.2తో 6.11, 24.04.3తో 6.14 వచ్చాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారికి ఇది వరమే. బావగారి ఆఫీసులోని పాత యంత్రాలకు ఆ అవసరం లేదు గనుక, వాటిని 6.8 మీదే ఉండే ప్యాకేజీకి మార్చాను.

ఉబుంటులో నాకు నచ్చినది, భద్రతా అప్‌డేట్లు రోజూ వాటంతటవే దిగడం. నచ్చనిది, దిగిన తర్వాత ఏం చేయాలన్నది సామాన్యుడికి గట్టిగా చెప్పకపోవడం. రీస్టార్ట్ అవసరమైనప్పుడు ‘రీబూట్ రిక్వైర్డ్’ అనే ఫైలు ఒకటి సృష్టిస్తుంది, నాలాంటివాడు దాన్ని చూస్తాడు, రిటర్నుల గడువు తరుముతున్న ఉద్యోగి చూడడు. నిర్ణీత సమయానికి దానంతటదే రీస్టార్ట్ అయ్యే అమరిక కూడా ఉంది, మొదట ఆపి ఉంచుతారు. ఆఫీసులో సేవ్ చేయని పని పోతుందన్న భయంతో నేనూ దాన్ని ఆపే ఉంచాను. ‘లైవ్‌ప్యాచ్’ అనే సదుపాయం వ్యక్తిగత వినియోగానికి 5 యంత్రాల దాకా ఉచితంగా దొరుకుతుంది, తీవ్రమైన లోపాలను నడుస్తున్న కెర్నల్‌లోనే సరిచేస్తుంది. అయినా అది రీస్టార్ట్‌ను వాయిదా వేస్తుందే గాని, రద్దు చేయదు.

డెబియన్ స్వభావం వేరు. అది దీర్ఘకాల వెర్షన్‌ను పట్టుకుని దానితోనే ఉంటుంది. డెబియన్ 12లో 6.1, డెబియన్ 13లో 6.12. ఇంత నిదానమైన డిస్ట్రోలో కూడా అప్‌డేట్ దెబ్బతీయగలదని 2023 డిసెంబరు చెప్పింది. 6.1.64 కెర్నల్‌లో, డిస్కులో ఫైళ్ళను అమర్చి ఉంచే ఎక్స్ట్-4 ఫైల్ సిస్టమ్‌లోని సమాచారం పాడయ్యే లోపం చేరింది. ఒక మరమ్మతును వెనక్కి తెచ్చినప్పుడు దానికి ముందు రావలసిన మార్పు రాకపోవడం దానికి కారణం. ఆ కెర్నల్‌తో రావలసిన డెబియన్ 12.3 విడుదలను ఆపేసి, లోపం సరిదిద్దిన 6.1.66తో మరునాడే, డిసెంబరు 10న, 12.4 విడుదల చేశారు. జరిగినదాన్ని దాచకుండా, ఏ ప్యాకేజీ వేసుకోకూడదో సూటిగా ప్రకటించిన ఆ తీరుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. డెబియన్ 12 వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ‘యూనేమ్ మైనస్ ఆర్’ అసలు అంకె చెప్పదు. 6.1.64 లాంటి పూర్తి అంకె కావాలంటే ‘యూనేమ్ మైనస్ వీ’ అని అడగాలి.

అటువంటి రోజున మనల్ని కాపాడేది డిస్కులో మిగిలి ఉన్న పాత కెర్నల్. అందుకే ఈ సమీక్షలో నేను ఎక్కువ బరువు ఇచ్చినది, వెనక్కి వెళ్ళే దారి తెరిచి ఉందా అన్న ప్రశ్నకు. ఉబుంటు, డెబియన్ కొత్తదాని పక్కన పాతదాన్ని ఉంచుతాయి. ఫెడోరా మూడింటిని ఉంచుతుంది. ఆర్చ్‌లో మాత్రం కొత్తది పాతదాని స్థానంలోనే కూర్చుంటుంది.

ఫెడోరా గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో అది నన్ను ఇబ్బంది పెట్టలేదు. కొత్త ప్రధాన కెర్నల్ వచ్చినప్పుడు వాడుకరులతో పరీక్షా వారం నిర్వహించి, తర్వాత అందరికీ పంపుతుంది. దానిలోని అప్‌డేట్ల యాప్ గ్నోమ్ సాఫ్ట్‌వేర్ ద్వారా అప్‌డేట్ చేస్తే, యంత్రం రీస్టార్ట్ అయి, మరే పనీ నడవని స్థితిలో ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ రీస్టార్ట్ అవుతుంది. దిగినదానికీ నడుస్తున్నదానికీ తేడా మిగలని పద్ధతి అదొక్కటే. మా బావగారికి ఆ రెండు రీస్టార్టులు విసుగు పుట్టిస్తాయని తెలిసినా, పద్ధతిగా ఆ నాలుగింటిలో అదే సరైనదని నా తీర్పు.

ఆర్చ్‌లో అప్‌డేట్ వేసిన వెంటనే రీస్టార్ట్ చేయకపోతే మరో చిక్కు వస్తుంది. నడుస్తున్న కెర్నల్‌కు చెందిన మాడ్యూళ్ళు, అంటే అవసరమైనప్పుడు అది ఎక్కించుకునే డ్రైవర్ల వంటి భాగాలు, డిస్కు మీదినుంచి తొలగిపోతాయి. ఆ స్థితిలో పెన్‌డ్రైవ్ పెడితే, దానికి కావలసిన మాడ్యూల్ అప్పటికే మెమరీలో లేకపోతే, పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని కొత్తది కొనేముందు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. ఆర్చ్ వాడదలచినవారు దీర్ఘకాల కెర్నల్ ప్యాకేజీని కూడా పక్కన వేసుకోవాలని గట్టిగా చెబుతాను, అప్పుడు వెనక్కి దారి మీరే వేసుకున్నట్టవుతుంది.

ఇప్పుడు ఏ డిస్ట్రోలోనైనా ఎదురయ్యే రెండు కష్టాలు. మొదటిది, కెర్నల్‌లో భాగం కాని డ్రైవర్లు. ద్వారకానగర్‌లోనే కొన్న ఒక వైఫై డాంగిల్ నా దగ్గర ఉంది. దాని డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నల్‌కూ ‘డీకేఎంఎస్’ అనే ఏర్పాటు మళ్ళీ నిర్మించాలి. ఒక అప్‌డేట్ తర్వాత ఆ నిర్మాణం విఫలమై వైఫై పోయింది. నెట్ లేకుండా నెట్ సమస్యను ఎలా వెతకాలో తోచక, ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్‌తో బయటపడ్డాను. తర్వాత, కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న డాంగిల్ కొన్నాను. ఇటువంటి డ్రైవర్లతో, సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ వాడేవారికి, రీస్టార్ట్ అప్పుడు నీలి రంగు తెర ఒకటి వచ్చి, కీ నమోదు కోసం పది సెకన్లే ఆగుతుంది. ఆ పది సెకన్లూ టీ కప్పు కోసం లేచి వెళ్తే డ్రైవర్ పనిచేయదు.

రెండవది కరెంటు. మే నెలలో ఒక మధ్యాహ్నం, యూపీఎస్ లేని నా డెస్క్‌టాప్‌లో కెర్నల్ అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కొత్త కెర్నల్ మెనూలో ఉంది గాని, దానికి తోడుగా బూట్ సమయంలో ఎక్కవలసిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు సరిగా రాలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రూట్ ఫైల్ సిస్టమ్‌ను ఎక్కించలేకపోతున్నానని చెప్పి యంత్రం ఆగిపోయింది. ఆ తెర చూసి డేటా అంతా పోయిందనుకోకండి. రీస్టార్ట్ చేసి, ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెరిచి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌ను ఎంచుకున్నాను, యంత్రం మామూలుగా తెరుచుకుంది. తర్వాత సగంలో ఆగిన ప్యాకేజీలను ‘డీపీకేజీ’ ఆదేశంతో పూర్తి చేసి, ఆ ఫైలును మళ్ళీ తయారుచేయించాను. ఆ మెనూ కనిపించాలంటే పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ ఉన్న కొత్త యంత్రాల్లో ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. కంగారులో రెండుసార్లు నొక్కితే మెనూ బదులు గ్రబ్ ఆదేశాల తెర వస్తుంది. ప్రమాదం జరిగిన రోజున కాకుండా, ఈరోజే ఒకసారి ఆ మెనూ తెరిచి చూసి పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరంలో తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం కెర్నల్ అప్‌డేట్ జోలికి వెళ్ళకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన మనకు దీన్ని వేరే చెప్పనవసరం లేదు.

కెర్నల్ ఫైళ్ళు ఉండే బూట్ విభాగం డిస్కులో వేరుగా ఉన్నవారికి అది నిండిపోయి అప్‌డేట్ ఆగిపోవడం కూడా మామూలే. అప్పుడు ఫైళ్ళను చేత్తో తొలగించకండి, ‘ఆటోరిమూవ్’ ఆదేశంతో పాత ప్యాకేజీలను తీయించండి, నడుస్తున్న కెర్నల్‌ను అది ముట్టుకోదు.

నా ఇంటి యంత్రంలో ఇప్పుడు డెబియన్ 13 ఉంది, ఫెడోరాను ల్యాప్‌టాప్‌లో ఉంచుకున్నాను. బావగారి ఆఫీసులో ఉబుంటునే కొనసాగిస్తున్నాను, ఒక చిన్న యూపీఎస్ తెప్పించాము. శనివారం సాయంత్రం తాళం వేసేముందు మూడు యంత్రాలనూ రీస్టార్ట్ చేసి, లాగిన్ తెర వచ్చేదాకా ఆగి, అప్పుడు షట్‌డౌన్ చేస్తున్నారు. పోయిన వారం నేను వెళ్ళేసరికి, బావగారే టెర్మినల్ తెరిచి గీత తర్వాతి అంకె నాకు చదివి వినిపించారు.