గేదె ముట్టనిది మేకకు వేయకండి

శ్రోతలకు నమస్కారం.

బక్రీదు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో మే నెలాఖరున, 2027లో మే మధ్యలో. అంటే హైదరాబాదులోని జియాగూడ మేకల మండీకి మేకపోతులు మంచి బరువుతో చేరవలసిన రోజులూ, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు పచ్చని పరక దొరకని రోజులూ ఒక్కటే. మేపుకునే బీళ్లు చాలావరకు వెంచర్లయిపోయాయి. యాసంగిలో పెంచిన పచ్చిమేతను గాలి తగలకుండా మాగబెట్టి దాచుకునే సైలేజీ ఇక్కడే అక్కరకొస్తుంది.

గేదెల పాడి ఉన్నవారికి ఇది కొత్త కాదు. నాకు పేచీ అక్కడే ఉంది. గేదెల కోసం నింపిన పాతరలో, అంటే సైలేజీ గుంతలో, అంచుల వెంట మిగిలినది, బూజు పట్టినది, గేదె మూతి తిప్పుకున్నది తెచ్చి మేకల ముందు పోస్తుంటారు. మేక ఏదైనా తినేస్తుందని మన ధీమా. నిజానికి అది ఆకు ఆకూ ఏరుకుని తినే జీవం. చెడిన సైలేజీ దెబ్బ గేదెకన్నా దానికే ఎక్కువ. మట్టిలో ఉండే లిస్టీరియా అనే సూక్ష్మజీవి, గాలి చొరబడి పులుపు తగ్గిన మేతలో పెరుగుతుంది. అది సోకిన మేక తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. ఒక చెవి వేలాడుతుంది, చొంగ కారుతుంది. చూడి మేకలు ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. ఇవి కనిపిస్తే ఆ రోజే పశువైద్యుడిని పిలవండి. ఆలస్యమైతే మందులు పెద్దగా పనిచేయవు.

అందుకే మేకలున్నవారికి పాతరకన్నా సంచులే మేలంటాను. ఇరవై మేకలకు తలకు కిలో చొప్పున రోజుకు 20 కిలోలు కావాలి. పెద్ద పాతర తెరిచి అంత కొంచెమే తీస్తుంటే మిగిలినదంతా గాలికి చెడిపోతుంది. లోపల మందపాటి ప్లాస్టిక్ ఉన్న 50 కిలోల సంచి అయితే మూడో రోజుకు ఖాళీ. ఏప్రిల్, మే నెలలకు పాతిక సంచులు సరిపోతాయి.

అక్టోబరు, నవంబరులో విత్తిన మొక్కజొన్న, జొన్న, ఓట్స్ ఇందుకు అనువైనవి. మొక్కజొన్నతో చిక్కులు తక్కువ. గింజ పాలదశ దాటి గట్టిపడుతుండగా కోస్తే తీపీ తేమా రెండూ సరిగ్గా ఉంటాయి. జొన్నను పూత వచ్చాకే కోయాలి, లేత జొన్నలో విషం ఉంటుంది. ఓట్స్ కాడ లోపల బోలుగా ఉంటుంది కనుక ఎంత తొక్కినా గాలి మిగులుతుంది. దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టి, పొరపొరకూ గట్టిగా అదమాలి. అలసంద కలిపితే మాంసకృత్తులు పెరుగుతాయి. కానీ అదొక్కటే నింపితే సరిగా మాగదు, నాలుగో వంతు దాటనివ్వకండి.

తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. కొట్టిన మేతను పిడికిట బిగించి వదలండి. నీళ్లు కారితే కాసేపు ఆరబెట్టాలి. ఒక్కసారిగా విడిపోతే మరీ ఎండిందన్నమాట. అరచేయి కాస్త తడిసి, ముద్ద మెల్లగా విచ్చుకుంటే సంచికెత్తవచ్చు. కోతలో మట్టి అంటకుండా చూసుకోండి, ఇందాక చెప్పిన జబ్బుకు మూలం అదే. గాలి పోయేలా అదిమి మూతి బిగిస్తే 45 రోజులకు తయారవుతుంది. ఎలుక కొరికిన సంచికి వెంటనే టేపు వేయాలి.

బాగా మాగిన మేత పసుపు కలిసిన ఆకుపచ్చగా, పుల్లని వాసనతో ఉంటుంది. నల్లబడినా, కుళ్లు వాసన వేసినా పెంటకుప్పకే. మొదట గుప్పెడు రుచి చూపించి, పది రోజుల్లో మెల్లగా కిలో దాకా పెంచండి. కంది పొట్టో శనగ పొట్టో తోడుండాలి. సుబాబుల్, అవిశ, తుమ్మ కొమ్మలు దొరికితే మానకండి, మేకకు అసలు ఇష్టం అవే. తొట్టిలో మిగిలింది ఏ పూటకాపూట తీసేయాలి. మూడు నెలలలోపు పిల్లలకు వద్దు. పాలిచ్చే మేకలకు పితికిన తర్వాతే వేయండి, ముందు వేస్తే ఆ పులుపు వాసన పాలకు పడుతుంది.