అల్జీమర్స్‌కు ఆపరేషన్ అంటున్న డాక్టర్ పేపర్లను పబ్‌మెడ్‌లో చదవడం ఎలా?

నమస్కారం అండీ. ఇంట్లో అమ్మకో నాన్నకో అల్జీమర్స్ అని తేలాక, "దీనికి ఆపరేషన్ ఉంది, ఫలానా డాక్టర్ గారికి వంద పరిశోధన పేపర్లు ఉన్నాయి" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ వంద అనే అంకె చూసి లక్షలు సర్దుకునే కుటుంబాలు ఉన్నాయి. అందుకే ఆ పేపర్లను ఎలా చూడాలో ఈరోజు స్క్రీన్ మీదే చూపిస్తాను.

ముందు పబ్‌మెడ్ తెరవండి. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే సైట్ ఇది, ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. వెతికే పెట్టెలో ఇంటిపేరు, ఒక ఖాళీ, తర్వాత ఇనిషియల్స్ కొట్టండి. చుక్కలు, కామాలు వద్దు.

మన ఉదాహరణ జెరాల్డ్ సిల్వర్‌బర్గ్, అమెరికన్ న్యూరోసర్జన్. కాబట్టి ఇంగ్లిష్‌లో సిల్వర్‌బర్గ్ జీ డీ అని కొట్టి, పక్కన అల్జీమర్ అనే మాట చేర్చండి. ఎడమ పక్కన సంవత్సరాల వారీగా చిన్న గీతలు కనిపిస్తున్నాయి కదా? చాలామంది అక్కడ ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టి ఆగిపోతారు. మనం తేదీల వరుసలో, పాతవాటి నుంచి చదువుదాం.

2001లో వచ్చిన పేపర్ చూడండి. మెదడు చుట్టూ ఉండే ద్రవం, అంటే సీఎస్ఎఫ్, అల్జీమర్స్ ఉన్నవాళ్లలో తక్కువగా తయారవుతోందని కొలిచి చెప్పారు. ద్రవం నెమ్మదిగా మారితే చెత్త ప్రోటీన్లు బయటికి పోవేమో అన్నది ఆలోచన. 2002లో చిన్న ట్రయల్ చేశారు. కొందరికి షంట్ వేశారు, అంటే మెదడులోని ద్రవాన్ని పొట్టలోకి పంపే సన్నని గొట్టం. మిగతా వాళ్లకు ఏ ఆపరేషనూ చేయలేదు. మొత్తం కలిపి ముప్పై మంది లోపే. షంట్ వేసినవాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షల స్కోరు పెద్దగా పడిపోలేదు, మిగతా వాళ్లది పడిపోయింది. ఆశ పుట్టించే ఫలితమే. ప్రకటన వేసుకోవాలనుకునే వాళ్లకు ఇదొక్కటే చాలు.

ఇక్కడ ఆపి ఒక ప్రశ్న వేసుకోండి: ఆపరేషన్ జరిగిందన్న నమ్మకంతోనే మనిషి కాస్త మెరుగ్గా కనిపించి ఉండవచ్చు కదా? ఇంట్లో వాళ్లు కూడా అలాగే చూసి ఉండవచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు 2008 నాటి పేపర్‌లో ఉంది. ఈసారి రెండు వందల మందికి పైగా చేరారు. అందరికీ ఆపరేషన్ చేశారు, కానీ ఒక గుంపుకు వేసిన షంట్ మూసి ఉంది. ఎవరిది తెరిచి ఉందో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టర్‌కూ తెలియదు. తొమ్మిది నెలల తర్వాత పోల్చి చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. ఈ పేపర్ మీదా మొదటి పేరు సిల్వర్‌బర్గ్‌దే. తన ఆలోచన పని చేయలేదని తన పేరుతోనే అచ్చు వేయించిన మనిషి అంటే నాకు ఎంతో గౌరవం. ఈ జాబితాలో అన్నిటికంటే విలువైన పేపర్ ఇదేనని నా అభిప్రాయం.

అయితే షంట్ ఎందుకూ పనికిరాదని మాత్రం అనుకోకండి. నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫాలస్ అనే జబ్బులో నడక తడబడుతుంది, మూత్రం ఆగదు, మతిమరుపు వస్తుంది. కొలంబియా దేశపు సర్జన్ సాలమన్ హకీమ్ 1965లో అమెరికన్ న్యూరాలజిస్ట్ రేమండ్ ఆడమ్స్‌తో కలిసి దాన్ని ప్రపంచానికి చూపించారు. ఆ జబ్బుకు షంట్ ఇప్పటికీ వేస్తున్నారు, ముఖ్యంగా నడక బాగుపడుతుంది. కాబట్టి పేపర్ ఏ జబ్బు గురించో శీర్షికలోనే చూసుకోండి. ఒకదానికి వచ్చిన ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టి చెప్పేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు ఎడమ పక్కన ఉన్న ఫిల్టర్లలో రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్, అంటే రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి పోల్చే ట్రయల్, అన్నదాన్ని టిక్ చేయండి. వంద పేపర్లు ఒక్కోసారి రెండో మూడో అవుతాయి, ఒక్కోసారి సున్నా. సున్నా అయితే మిగతావి రివ్యూలు, ఒకరిద్దరు రోగుల కేస్ రిపోర్టులు అయి ఉండొచ్చు. పేపర్ తెరిచి కింద పబ్లికేషన్ టైప్స్ దగ్గర సరిచూసుకోండి. పైన రిట్రాక్టెడ్ అని ఉంటే ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారని అర్థం.

మన తెలుగు డాక్టర్ల దగ్గర ఒక చిక్కు ఉంది. మనం ఇంటిపేరును ముందు ఒక అక్షరంగా పెట్టుకుంటాం, అక్కడేమో పేరు తలకిందులవుతుంది. కె. శ్రీనివాసరావు ఒక పేపర్‌లో రావు కె ఎస్, ఇంకో పేపర్‌లో శ్రీనివాసరావు కె. అదే పేరుతో ఇంకో ఇరవై మంది ఉంటారు. అందుకే ఆసుపత్రి పేరు, ఊరు చూసి కలపండి. పరిశోధకులు ఒక్కొక్కరికీ విడిగా ఉండే ఓర్కిడ్ అనే పదహారు అంకెల నంబర్ ఉంటే ఇంకా సులువు.

చివరగా ఒక తాజా విషయం. మెడ దగ్గర లింఫ్ నాళాలను సిరలకు కలిపి కుట్టే ఆపరేషన్‌ను చైనాలో అల్జీమర్స్‌కు విస్తృతంగా చేశారు. తగిన ఆధారాలు లేవని 2025 జూలైలో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అలాంటిది మీకు ఎవరైనా చెబితే, "ఇది మామూలు వైద్యమా, ట్రయలా?" అని అడగండి. ట్రయల్ అంటే సీటీఆర్ఐ, అంటే మన దేశపు ట్రయల్స్ నమోదు జాబితా, నంబర్ ఇవ్వమనండి. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్‌ను అక్కడ ముందే నమోదు చేయాలి. ఆ నంబర్‌ను సీటీఆర్ఐ సైట్‌లో కొట్టి, పోల్చడానికి రెండో గుంపు ఉందో లేదో చూశాకే సంతకం పెట్టండి.