మూడింటికి నిద్రొస్తే పెరుగన్నాన్ని తిట్టకండి

[టేబుల్ మీద చిన్న తెల్ల మీటర్. దగ్గరగా చూపించాలి. అంకె: 640]

ముందు ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 640. ఇదేంటో కాసేపట్లో చెప్తా. మధ్యాహ్నం ఆఫీసులో నిద్రొస్తే అందరం పెరుగన్నాన్ని తిడతాం. నా అనుమానం మాత్రం ఆఫీసు బిల్డింగ్ మీద.

మొన్న మా ఫ్రెండ్ ఒకడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఆఫీసుకి మారాడు. మారిన రోజే పన్నెండు ఫొటోలు పంపాడు. బీన్ బ్యాగులు, గోడంతా మొక్కలు, ఫుట్‌బాల్ టేబుల్, కునుకు తీయడానికి గుడ్డు ఆకారంలో ఒక కుర్చీ. కింద మెసేజ్: "అన్నా, వెల్‌నెస్ బిల్డింగ్ అంటే ఇదీ!" నేను ఒక్కటే అడిగా: "మీటింగ్ రూమ్‌లోకి బయటి గాలి ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" వాడు సీలింగ్ ఫొటో తీసి పంపాడు. "ఏసీ ఉందిగా."

నాకు కాలేది ఇక్కడే. ఆఫీసు బిల్డింగుల మెయింటెనెన్స్‌లో ఎనిమిదేళ్లు చేశా. ఈ "ఏసీ ఉందిగా" ఎన్ని వందలసార్లు విన్నానో! ఇంట్లో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదండీ. బయటి డబ్బాకీ లోపలి డబ్బాకీ మధ్య పైపుల్లో తిరిగేది గ్యాసు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదుల్తుంది. మీరు వదిలిన ఊపిరే చల్లబడి మీ దగ్గరికి వస్తుంది. మీ మేనేజర్‌దీ వస్తుంది.

ఇప్పుడు ఇరానీ హోటల్‌కి వెళ్దాం. సికింద్రాబాదో, ఆబిడ్సో, మీకు అలవాటైన హోటల్ ఏదైనా సరే. ఎక్కడుంటుంది? చాలావరకు చౌరస్తాలో, మూల మీద. రెండు రోడ్ల వైపూ తెరిచే ఉంటుంది. సీలింగ్ ఎక్కడో పైన, అక్కణ్ణుంచి పొడుగు రాడ్డుకి వేలాడే ఫ్యాను. నలభై మంది కూర్చుంటారు. ఒక వైపు నుంచి వచ్చిన గాలి ఇంకో వైపు నుంచి పోతుంది, వేడెక్కింది పైకి పోతుంది. ఉస్మానియా బిస్కెట్ నంజుకుంటూ రెండు గంటలు కూర్చున్నా తల బరువెక్కదు. "ఛాయ్ తాగితే నిద్రెలా వస్తుంది" అంటారేమో. సరే, ఛాయ్‌కి సగం మార్కులు ఇద్దాం.

ఇప్పుడు మీ మీటింగ్ రూమ్. నాలుగు మీటర్లు బై ఐదు, ఎత్తు 2.7 మీటర్లు. పదిమందిని కూర్చోబెట్టి గాజు తలుపు మూశారు. కూర్చున్న మనిషి గంటకి 18, 20 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. బయటి గాలిలో అది ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420. కొత్త గాలి అసలు రాకపోతే ఆ గదిలో వెయ్యి దాటడానికి ఎంతసేపు పడుతుంది? లెక్కేసుకోండి, పది నిమిషాలు. "అందరూ వచ్చారా, స్క్రీన్ కనిపిస్తోందా" అనేలోపే అయిపోతుంది. గంట మీటింగ్ అయితే నాలుగు వేల దగ్గరికి పోతుంది.

వెయ్యి దాటితే ఏమవుతుంది? 2015లో హార్వర్డ్ వాళ్ల స్టడీ ఒకటి వచ్చింది. 24 మంది ఉద్యోగులను ఆరు పనిరోజులు ఒక ల్యాబ్ ఆఫీసులో కూర్చోబెట్టి, వాళ్లకి చెప్పకుండా గాలిని మార్చి, రోజూ నిర్ణయాలు తీసుకునే పరీక్ష పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ 550 దగ్గర ఉన్న రోజుతో పోలిస్తే 945 దగ్గర ఉన్న రోజు మార్కులు 15 శాతం, 1,400 దగ్గర ఉన్న రోజు 50 శాతం తగ్గాయి. చిన్న స్టడీ, ఒప్పుకుంటా. 24 మందిని చూసి ప్రపంచం మొత్తానికి తీర్పు చెప్పలేం. మగతంతా గాలి వల్లే అని కూడా అనను. మధ్యాహ్నం ఒంట్లోని గడియారం కొంచెం కిందికి లాగుతుంది, అదీ నిజమే. కానీ ఆ మిగతా వాటా ఉంది చూశారూ, దాన్ని మనం పెరుగన్నం మీద రాసేశాం.

[కెమెరాకి దగ్గరగా]

ఒక విషయం ఒప్పుకోవాలి. కంపెనీ పేరొద్దు. మే నెల, బయట 42 డిగ్రీలు. పెద్ద బిల్డింగుల్లో బయటి గాలిని ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టెలోకి లాగి, ఫిల్టర్ చేసి, చల్లబరిచి డక్టుల్లోకి పంపుతారు. ఆ 42 డిగ్రీల గాలిని చల్లబరచాలంటే కరెంటు బోలెడు. పైనుంచి ఫోన్ వచ్చింది, బిల్లు తగ్గించండి అని. నేనే వెళ్లా. ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ అని ఉంటుంది, పాత కిటికీ రెక్కల్లాగా రేకు పలకలు, పక్కన ఇనప పిడి. రేకు మీద ఎవరో మార్కర్‌తో "ఓపెన్", "క్లోజ్" అని రాశారు. "క్లోజ్" దగ్గర పిడి రాసుకుని రాసుకుని పెయింటే పోయింది. అంటే నాకంటే ముందు ఎంతమంది మూశారో! నేనూ మూశా.

రెండు వారాల తర్వాత ఆ ఫ్లోర్ వాళ్లు క్యాంటీన్ మీద కంప్లైంట్ పెట్టారు. తిండి బరువుగా ఉంటోంది, మధ్యాహ్నం నిద్రొస్తోంది అని. మెనూలోంచి పెరుగన్నం తీసేసి మజ్జిగ పెట్టారు. నేను అక్కడే ఉన్నా, నోరు మెదపలేదు. ఆ పెరుగన్నానికి బాకీ తీర్చడానికే ఈ వీడియో అనుకోండి.

మంచి బిల్డింగ్ ఈ గొడవను ఎలా తప్పిస్తుందంటే, బయటికి పోయే చల్లటి పాత గాలినీ లోపలికొచ్చే వేడి కొత్త గాలినీ ఒక పెద్ద తిరిగే చక్రం రెండు వైపుల నుంచీ పంపుతుంది. పోయే చల్లదనాన్ని చక్రం పట్టుకుని వచ్చే గాలికి ఇచ్చేస్తుంది. గదిలో సెన్సార్ ఉంటుంది, జనం పెరిగితే డ్యాంపర్ తనంతట తాను తెరుచుకుంటుంది. పిడి నాలాంటోడి చేతిలో ఉండదు. ఇక హైదరాబాద్ దుమ్ము సంగతి తెలిసిందే, కాబట్టి మంచి ఫిల్టర్ లేకుండా బయటి గాలిని తెచ్చీ లాభం లేదు. ఇరానీ హోటల్ పోలిక ఇక్కడ కొంచెం చతికిలపడుతుంది. అక్కడ గాలితో పాటు ఆటోల పొగ కూడా లోపలికి వస్తుంది.

మరి మొక్కలు? మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989 నాటి నాసా ప్రయోగం నుంచి వచ్చింది. వాళ్లు మొక్కను గాలి చొరబడని చిన్న పెట్టెలో పెట్టి చూశారు. 2019లో ఇద్దరు పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ తీసుకుని లెక్కేస్తే, మామూలు బిల్డింగులో గాలి మారడం వల్ల జరిగే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. మనీ ప్లాంట్ల మధ్య మనిషి కనపడడు. మొక్కలు కంటికి హాయి, మనసుకి బాగుంటాయి, పెట్టుకోండి. గాలి బాధ్యత మాత్రం వాటి నెత్తిన పెట్టకండి.

[మీటర్: 980. చూపించి వెంటనే పక్కకి]

పెరుగుతోంది చూశారా. తర్వాత మాట్లాడదాం.

ఎండ. మాదాపూర్ వైపు వెళ్తూ చూడండి, బిల్డింగుకి నాలుగు వైపులా ఒకటే అద్దం. నాలుగు వైపులా ఎండ ఒకటేనా? హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ఆ చుట్టుపక్కల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నీడ కాళ్ల కిందే పడుతుంది. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు! దక్షిణం వైపు కిటికీకి పైన ఒక సన్‌షేడ్ వేస్తే పని అయిపోతుంది, ఎండ పైనుంచి వస్తుంది కాబట్టి. పడమర అలా కాదు. నాలుగింటికి సూర్యుడు కిందికి దిగి నేరుగా మొహంలోకి చూస్తాడు. పైన ఎంత పెద్ద సన్‌షేడ్ వేసినా దాని కిందినుంచి దూరిపోతాడు. అక్కడ నిలువు పలకలో, జాలీయో కావాలి. ఇంకా తెలివైనవాళ్లు పడమర వైపు లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు పెట్టేస్తారు. మన తాతల కాలం మేస్త్రీకి ఇది చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన చోట పడమర సీట్లన్నిటి దగ్గరా అద్దానికి అట్టముక్కలు అతికించి ఉండేవి, మానిటర్ డబ్బా అట్టలు. బయటినుంచి కోట్ల బిల్డింగ్, లోపల బ్రౌన్ టేపు. బ్లైండ్స్ అన్నీ దించేసి, పట్టపగలు ట్యూబులైట్లు! వెలుతురు కోసం పెట్టిన అద్దం ఎందుకు పనికొచ్చినట్టు?

ఉన్న ఊళ్లోనే మంచి నమూనా ఉంది. కొత్తగూడ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలై 14న అబ్దుల్ కలాం ప్రారంభించారు. లీడ్ అంటే పర్యావరణానికి మేలు చేసే బిల్డింగులకి ఇచ్చే అమెరికా రేటింగ్. అందులో అన్నిటికన్నా పై మెట్టు ప్లాటినం, అమెరికా బయట అది వచ్చిన మొదటి బిల్డింగ్ ఇదే. నడుమ మండువాలాగా ఖాళీ జాగా, చుట్టూ గదులు, జాలీ గోడలు, గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు, కప్పు మీద తోట. ఇరవై ఏళ్లు దాటింది. ఆ తర్వాత కట్టినవాళ్లు దాని ముందు నుంచే రోజూ కార్లో వెళ్లారు!

చలి గురించి ఆడవాళ్లు నాకంటే బాగా చెప్తారు. మేలో ఆఫీసు కుర్చీల మీద శాలువాలు. ఒకావిడ స్టూలెక్కి ఏసీ గాలొచ్చే జాలీకి ఏ4 కాగితం అతికించేది. నేను వెళ్లి పీకేవాణ్ణి, ఎందుకంటే అక్కడ మూస్తే పక్కసీటు మీద గాలి డబుల్ అవుతుంది. మర్నాడు మళ్లీ కాగితం. అప్పట్లో ఆవిడది మొండితనం అనుకున్నా. తర్వాత తెలిసింది. సుఖమైన ఉష్ణోగ్రతకి ప్రపంచమంతా వాడే లెక్క 1960ల నాటిది, అందులో ఒంటి వేడి అంకె ఒక సగటు మగాడిది. ఆడవాళ్లకి అది 35 శాతం దాకా ఎక్కువేసి చూపిస్తుందని 2015లో ఒక పరిశోధన చెప్పింది. ఆవిడ కాగితమే కరెక్టు, మా థర్మోస్టాటే తప్పు. మనవాళ్ల ఆఫీసుల్లోనే సర్వే చేసి అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు ఐమాక్ అని ఒక లెక్క తయారుచేశారు. మనం ఇంకొంచెం వెచ్చగా ఉన్నా హాయిగానే ఉంటాం అంటుంది అది. అయినా మన ఆఫీసుల్లో 22 అంటే 22.

[తెర వెనక గొంతు: "అన్నా, బ్యాటరీ పది శాతం."]

సరే సరే, గబగబా చెప్పేస్తా.

చప్పుడు. ఇరానీ హోటల్లో నలభై మంది మాట్లాడతారు, మీరు పేపర్ చదువుకోగలరు. ఆఫీసులో పక్కన ఒక్కడు ఫోన్‌లో హోమ్ లోన్ గురించి మాట్లాడితే ఒక్క మెయిల్ రాయలేరు. ఎందుకంటే నలభై గొంతులు కలిస్తే మాటలు అర్థం కావు, హోరు అవుతుంది. ఒక్క గొంతైతే ప్రతి మాటా అర్థమవుతుంది, బుర్ర వద్దన్నా వింటుంది. అందుకే మంచి ఆఫీసులో సీలింగ్ మెత్తగా చప్పుడు పీల్చుకునేలా ఉంటుంది, ఫోన్‌కి వేరే చిన్న గదులుంటాయి. గోడలు తీసేస్తే జనం కలిసి మాట్లాడుకుంటారన్నది కూడా ఉత్తమాటే. 2018లో రెండు కంపెనీల్లో కొలిచి చూస్తే ఎదురెదురు మాటలు 70 శాతం తగ్గాయి. బదులుగా మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి.

ఇక ఫ్లెక్సిబుల్ సీట్లు. పదిమందికి ఆరు కుర్చీలు, యాప్‌లో బుక్ చేసుకోవాలి. ఇరానీ హోటల్లో కూడా కుర్చీ ఎవరి సొంతమూ కాదు. కానీ పాత గిరాకీకి తన మూల ఉంటుంది, వెయిటర్‌కి ఆయన ఛాయ్ ఎలా తాగుతాడో తెలుసు, కుటుంబంతో వస్తే ఫ్యామిలీ సెక్షన్ వేరే. ఎంచుకోడానికి రకరకాల జాగాలున్నాయి. మన ఆఫీసుల్లో ఆరు కుర్చీలూ ఒకేలా ఉంటాయి, మంగళవారం పదిమందీ వస్తారు. దాన్ని ఫ్లెక్సిబుల్ అనరు, కుర్చీలు తక్కువయ్యాయి అంటారు. ఒక లాకర్, టీమ్‌కి ఒక మూల, నిశ్శబ్దంగా ఒక గది ఇస్తే సగం గొడవ పోతుంది. ఆ లాకర్ కూడా ఇవ్వకుండా...

[తెర వెనక: "అన్నా, నాలుగు శాతం!"]

అయిపోయింది, అయిపోయింది. కొత్త ఆఫీసు చూపించడానికి తీసుకెళ్తే బీన్ బ్యాగ్ వైపు చూడకండి. నాలుగింటికి వెళ్లి పడమర సీట్లో కూర్చోండి. అద్దాల మీద టేపు మరకలున్నాయేమో, ఏసీ జాలీలకి కాగితాలున్నాయేమో చూడండి. మీటింగ్ రూమ్‌లో పైన గాలి వచ్చే జాలీ ఎక్కడ, పోయే జాలీ ఎక్కడ అని అడగండి. వీలైతే ఏహెచ్‌యూ రూమ్ తలుపు తీయించి, డ్యాంపర్ పిడి దగ్గర పెయింట్ ఎటు అరిగిందో చూడండి.

[మీటర్: 1,520]

ఇదీ ఆ మీటర్. ఈ గది గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపిస్తుంది. గదిలో ఇద్దరమే ఉన్నాం. రోడ్డు మీద హారన్లు పడకూడదని కిటికీలు మూసి, రీటేకులతో కలిపి గంటకి పైగా అయింది. మా తమ్ముడు ఇందాకట్నుంచి కెమెరా స్టాండ్‌కి ఆనుకుని కునుకుతున్నాడు. పొద్దున బిర్యానీ వల్ల అంటున్నాడు. ఒరేయ్, ఆ కిటికీ తియ్యరా. హారన్లు పడితే పడనీ.