‘పాలు చాలట్లేదు’ అనే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

మాది పలమనేరు దగ్గర పల్లె. నా మొదటి కాన్పు తిరుపతిలో ఆపరేషన్‌తో అయింది. ఐదో రోజు పాపను ఎత్తుకుని పుట్టింటికి వచ్చాం. ఆ రాత్రంతా పాప ఒకటే ఏడుపు. నాకు చనుమొనలు చీలి రక్తం కారుతోంది. పాప నోరు పెట్టగానే పళ్లు బిగబట్టి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. మా అవ్వ, మా పెద్దమ్మ, చూడవచ్చిన చుట్టాలు, అందరిదీ ఒకటే మాట: “దీనికి పాలు చాలట్లేదు.” తెల్లారగానే డబ్బా పాలు తెమ్మని మా తమ్ముణ్ణి టౌనుకు పంపాలనుకున్నారు.

అన్నవాళ్లంతా నా మేలు కోరినవాళ్లే. అయినా ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. కన్నబిడ్డ కడుపు నింపలేనిదాన్ని తల్లినెలా అవుతానని దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఈ రాత్రి కూడా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒక బాలింత అలాగే ఏడుస్తూ ఉంటుంది. ఆమె కోసం, ఆమె పక్కనున్నవాళ్ల కోసం మాట్లాడుతున్నాను.

కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చాలా కొద్దిగా వస్తాయి. ఆ కొద్దే బిడ్డకు సరిపోతుంది. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది చెంచాడు పాలే. తర్వాత పాలు పెరుగుతాయి. ఆపరేషన్ అయినవాళ్లకు ఒకట్రెండు రోజులు ఆలస్యం కావచ్చు. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంచెం తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వస్తుంది.

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి చెప్పలేం. బిడ్డ ఉక్కపోసినా ఏడుస్తుంది, ఎత్తుకోమనీ ఏడుస్తుంది. తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. ఐదారు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

నాకీ సంగతి చెప్పింది మా ఊరి నర్సమ్మ, ఏఎన్ఎం గారు. మర్నాడు పొద్దున వచ్చి, పాల మాటే ఎత్తకుండా ముందు నా నడుము వెనక దిండు పెట్టారు. పాపను నా పొట్టకు ఆనించి, తలా ఒళ్లూ ఒకే వరసలో ఉండేలా తిప్పారు. “నువ్వు వంగి బిడ్డకు అందివ్వొద్దు తల్లీ, బిడ్డను నీ దగ్గరికి తెచ్చుకో” అన్నారు. పాప నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించారు. గడ్డం రొమ్ముకు తగిలింది, కింది పెదవి బయటికి తిరిగింది. అప్పటిదాకా ప్రాణం తీసిన నొప్పి ఆ పట్టుతో సగానికి తగ్గింది. కుట్లు నొప్పి పుడితే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం కూడా ఆమే నేర్పారు. నాకు తక్కువైంది పాలు కాదు, పట్టు.

తర్వాత మా అమ్మతో ఆమె అన్న మాట నేను మరిచిపోలేను. “మీ పాడిలో ఆవు కొత్త మనిషిని చూసి బెదిరితే చేపుతుందా?” అన్నారు. పాడి ఉన్న ఇల్లు కదా, మా అమ్మకు వెంటనే అర్థమైంది. దూడ కుడిస్తే ఆవు చేపుతుంది, అంటే పాలు వదులుతుంది. బెదిరితే బిగబడుతుంది. తల్లికీ అంతే. నొప్పి, టెన్షన్, నిద్రలేమి ఉంటే లోపల పాలున్నా బయటికి రావడం కష్టమవుతుంది. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి. రాత్రిపూట పాలిస్తే ఇంకా బాగా ఊరతాయి. అవసరం లేకుండా డబ్బా పాలు పడితే బిడ్డ ఆ పూట రొమ్ము తాగదు, ఊరే పాలూ తగ్గుతాయి. మన దేశంలో డబ్బా పాల ప్రకటనలను నిషేధిస్తూ 1992లోనే చట్టం చేసింది ఊరికే కాదు.

అయితే కొందరు తల్లులకు నిజంగానే పాలు సరిపోవు. బిడ్డ బరువు పెరగకపోయినా, మూత్రం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. వాళ్లు పైపాలు పట్టమంటే ఉగ్గుగిన్నెతో పట్టండి. అందులో ఏ తప్పూ లేదమ్మా. ఏడాది లోపు బిడ్డకు తేనె మాత్రం నాకించొద్దు, అది ప్రమాదం.

పాలు నిండి రొమ్ములు రాయిలా గట్టిపడితే పాలివ్వడం ఆపకండి. చేత్తో కాసిని పిండి, మెత్తబడ్డాక బిడ్డకు పట్టించండి. ఎర్రబడి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందులు వాడుతూ కూడా సాధారణంగా పాలివ్వచ్చు. ఆ పాలు చెడ్డవి కావు.

మనవైపు పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గిస్తారు. వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి పెట్టండి, మంచిదే. దాహమేస్తే నీళ్లు కూడా ఇవ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, రాగి సంగటి ఆపకండి. బిడ్డకు మాత్రం ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. మన ఎండాకాలంలో కూడా అక్కర్లేదు.

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, అది తల్లి తప్పని అనుకోకుండా డాక్టరుకు చెప్పండి.

ఉద్యోగం చేసే తల్లులకు మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో సెలవు చట్టం ఇచ్చిన హక్కు. శ్రీసిటీ ఫ్యాక్టరీల లాంటి చోట్ల పనిచేసే అమ్మాయిలు దాన్ని అడిగి తీసుకోవాలి. మామిడి తోటల్లో కూలికి పోయే తల్లికి ఆ సెలవు లేదు. ఆమె బిడ్డకు పాలిచ్చి వచ్చేదాకా కాస్త ఆగమని తోటల యజమానులను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ రోజు నుంచి మా అమ్మ నాకు పాల గురించి ఒక్క మాట చెప్పలేదు. పాప ఏడ్చినప్పుడల్లా లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టేది. పాప తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమురుతూ వరండాలో తిరిగేది. నేను నిద్రపోయేదాన్ని.

నమస్కారం.